చివరి మడి నుంచి మొదలు

మా మైనరు కాల్వ కింద నీళ్ల వంతు చివరి మడి దగ్గర మొదలవుతుంది. తూము పక్కన పొలమున్న రైతు కళ్లముందు నుంచి పోతున్న నీళ్లను చూస్తూ ఊరికే నిలబడతాడు. అవి కిందికి పోయి, అడుగునున్న ఎకరం తడిసి, వంతు మెల్లగా ఎగబాకి తన దాకా వచ్చాకనే ఒడ్డు తెంపుకుంటాడు. బదిలీ మీద కొత్తగా వచ్చిన ఏఈ సార్లు ఇది చూసి ముందు నవ్వేవారు, ఆ తర్వాత జేబులోంచి నోట్‌బుక్కు తీసేవారు. ఏ జీవోలోనూ లేని ఈ పద్ధతి మా పెద్దబాపు బుర్రలో పుట్టింది. ఊరి అలవాటు కావడానికి చానా ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లన్నీ ఆయన వెంట పార మోసిన వాళ్లలో నేనొకణ్ని.

నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయే తోవలో వేములపల్లి దగ్గర బస్సు పెద్ద కాల్వ ఒకటి దాటుతుంది. అదే సాగర్ ఎడమ కాల్వ. సర్కారు కాగితాల్లో లాల్‌బహదూర్ కాల్వ అంటారు గానీ ఆ పేరు మా దిక్కు ఎవరి నోటా వినలేదు. మాకు కాల్వ అంటే కాల్వే. మేం దాని ఎగువ దిక్కున ఉన్నాం. అది మమ్మల్ని దాటి ఖమ్మం మీదుగా కృష్ణా జిల్లా దాకా పోతుంది. ఇంత పెద్ద కాల్వ ఊరి పక్కన పెట్టుకొని మీకు నీళ్లకు కరువేంది అని మునుగోడు, మర్రిగూడ వైపు చుట్టాలు అడిగేవాళ్లు. ఆ ఊళ్లల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన మనుషులను చూసి వచ్చినవాళ్లం కాబట్టి మా కష్టం చెప్పుకోవడానికి సిగ్గయ్యేది. కానీ పెద్ద కాల్వ పక్కనుండటం వేరు, మన మడిలోకి నీళ్లు రావడం వేరు. మధ్యలో మేజరుంది, మైనరుంది, పిల్లకాల్వలున్నాయి. వీటన్నిటి మీదా మనుషులున్నారు.

కాల్వ రాకముందు మావన్నీ మెట్ట పొలాలు. జొన్న, ఆముదం, కంది, పెసర. చెరువు కింద నాలుగు మడుల వరి. చెరువుకు నీరటి ఉండేవాడు. ఏ తూము ఎప్పుడు తియ్యాలో, ఎవరి మడికి ఎంతసేపో అతనే చూసేవాడు. పంట చేతికొచ్చినప్పుడు కల్లంలో అతని పాలు అతనికి కొలిచి ఇచ్చేవారు. చెరువు నిండలేదనుకోండి, ఉన్న నీళ్లకు సరిపోయేంత నేలే నాటేవారు. అందులో అందరికీ ఒక్కో చెక్క. పెద్దబాపు ఆలోచనకు విత్తు అక్కడ పడిందని నా నమ్మకం.

రెండో విత్తు సంఘం. మా జిల్లాలో సంఘమంటే ముసలివాళ్లకు ఇప్పటికీ ఆంధ్ర మహాసభే. 1944లో భువనగిరి సభ అయినాక రావి నారాయణరెడ్డి గారి పేరు పల్లెపల్లెకూ పాకింది. సంఘపోళ్లు ఊరికి వచ్చినప్పుడు పెద్దబాపు మీసం మొలవని పిల్లగాడు. కబురు మోసినందుకు రెండు దెబ్బలు కూడా తిన్నాడట. తర్వాత సంఘం పార్టీగా, పార్టీ రెండు పార్టీలుగా అయింది. ఊళ్లో ఒకే బాయి నీళ్లు తాగేవాళ్లు ఎడమొహం పెడమొహం అయ్యారు. ఆయన ఏ కండువా కప్పుకోలేదు. "పదిమంది కూడి ఒక పని చేస్తే మంచిగుంటది. పనైనంక కూడ కూసుంటే కుర్చీ కావాలంటరు," అనేవాడు. ఆయన రాజకీయం మొత్తం ఆ రెండు మాటలే.

1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ గారు సాగర్ డ్యామ్‌కు పునాదిరాయి వేస్తుంటే చూడటానికి ఆయన బండెక్కి, నడిచి, మళ్లీ లారీ ఎక్కి వెళ్లాడు. జనంలో నెహ్రూ కనిపించలేదు, తెల్లటోపీ ఒకటి మాత్రం కనిపించిందని చెప్పేవాడు. నీళ్లు వదలడానికి మరో పన్నెండేళ్లు పట్టింది. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఇక మా భూముల రాత మారింది. గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు వేశారు. వాళ్లు వరి వేసే తీరు చూసి మావాళ్లు నేర్చుకున్నారు. మిర్యాలగూడలో మిల్లులు లేచాయి.

చిక్కు కూడా ఆ వరితోనే వచ్చింది. ప్రాజెక్టు లెక్కలో కొంత భూమి మాగాణి, కొంత ఆరుతడి. ఆరుతడి అంటే పల్లీ, మొక్కజొన్న, పత్తి వేసుకోవాలి. గడపలో నీళ్లు పారుతుంటే పల్లీ వేసేదెవరు? పైనున్నవాళ్లందరూ వరి నాటారు. కింద చివరి భూములకు నీళ్లందేది మూడేళ్లకొకసారి. రాత్రిళ్లు లాంతర్లు, పారలు పట్టుకొని కట్టల మీద తిరగడం, ఎవడి గండి ఎవడు పూడ్చాడని కొట్లాట, పొద్దున్నే పంచాయితీ. అన్నదమ్ములు మాటలు మానేసిన ఇండ్లున్నాయి. తూములో గోనెసంచి కుక్కి నీళ్లాపిన వాడూ, ఆ సంచి పీకిన వాడూ ఒకే పందిట్లో వియ్యమందుకున్న వాళ్లయ్యేవారు.

పెద్దబాపు పొలం తూము పక్కనే. ఇది ముఖ్యం. చివరోడే "చివరోడికి ముందియ్యాలె" అని ఉంటే ఎవరు వింటారు? నాకు పంతులు ఉద్యోగం వచ్చిన కొత్తలో, 1980ల మొదట్లో, ఒక ఏడు ఆయన తన తూము తియ్యలేదు. నీళ్లు వదిలారు, పక్కవాళ్లు దమ్ము చేస్తున్నారు, మా మడి ఎండి నెర్రెలు బాసింది. పెద్దమ్మ అన్నం పెడుతూ, "ఊరందరి నీళ్లు నువ్వు తాగినవా ఏంది, గింత ప్రాయశ్చిత్తం," అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. చివరి మడి తడిసిందని కబురు వచ్చాక తన తూము తీశాడు. ఆ ఏడు మా నాటు ఆలస్యమైంది, దిగుబడి కూడా తగ్గింది. మరుసటేడు కూడా అదే పని. ఆ తర్వాతి ఏడు పక్కనున్న ఇద్దరు ముగ్గురు సిగ్గుకో, ఉబలాటానికో కలిశారు.

ఒకరోజు నన్ను కట్ట మీద కూర్చోబెట్టుకొని ఆయన ఒక లెక్క చెప్పాడు. అప్పటిదాకా నేను దాన్ని ఆయన మంచితనమే అనుకున్నాను. అది మంచితనం కన్నా పెద్ద ఉపాయం.

"పైనోడు కాల్వ తవ్వుతడారా?" అని అడిగాడు.

"ఎందుకు తవ్వుతడు బాపూ, ఆయనకు ఎట్లైనా వస్తయి గద."

"గదే. కిందోడు తవ్వుదామంటే వాని పార పైదాక అందదు. అదే చివరోడికి ముందు పోవాలన్నం అనుకో. కాల్వల తుంగ, జమ్ము ఉంటె నీళ్లు కిందికి పోవుటానికి పదిరోజులు. సాఫుగుంటె మూడు రోజులు. చివరోడు తడిస్తెనే పైనోని వంతు వస్తది. గప్పుడు పార పట్టుకొని ముందుగాల ఉరికేది ఎవడు?"

పైనోడే. తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఒకరి అవసరాన్ని ఇంకొకరి అవసరానికి ఇంత సులువుగా ముడివేసిన వాక్యం నాకు ఎక్కడా కనిపించలేదు.

లెక్క సరైనదే అయినా జనం లెక్క కోసం రారు. ఆయనకు ఆ సంగతి కూడా తెలుసు. ఎండాకాలం కాల్వ కట్టేశాక మైనరులో అక్కడక్కడా గుంటల్లో నీళ్లు నిలిచేవి. వాటిలో చేపలుండేవి. కొర్రమట్టలు, జెల్లలు, పరకలు. రోహిణి ఎండలకు గుంటలు ఇగిరేకొద్దీ చేపలన్నీ ఒక్క దగ్గరికి చేరేవి. మృగశిర కార్తె నాడు చేప తినాలని మా దిక్కు ఆనవాయితీ ఎట్లాగూ ఉండనే ఉంది. దానికి ముందు ఒక రోజు చూసి పెద్దబాపు నలుగురు పిల్లగాళ్లను పిలిచాడు. "కాల్వ తవ్వుదాం రండి" అనలేదు. "చాపలు పడదాం, పారలు తెచ్చుకోండి" అన్నాడు.

ఆ మొదటి దినం ముప్పై నలభై మంది వచ్చారేమో. గుంట చుట్టూ తుంగ ఉంటే చేప దొరకదు, తుంగ పీకాలి. బురద తియ్యకపోతే కొర్రమట్ట అడుగుకు దూరుతుంది, బురద తియ్యాలి. పీకిన తుంగ కట్ట మీదికి, తీసిన బురద కట్ట తెగిన చోటికి. పొద్దెక్కే వేళకు మేం చేపలు పడుతున్నామో కాల్వ తవ్వుతున్నామో మాకే తెలియని స్థితి. మోకాళ్ల దాకా బురద. ఒక పిల్లవాడి చేతిలోంచి జెల్ల ముల్లు గుచ్చి జారితే వాడి ఏడుపు, వాణ్ని చూసి అందరి నవ్వు. ఆడవాళ్లు ముందు కట్ట మీద నిలబడి ఎగతాళి చేశారు. మా వరస వదినె ఒకామె కొంగు నడుముకు చుట్టి దిగి, ఆమె పట్టిన కొర్రమట్టను పైకెత్తి చూపించాక ఇక ఎవరూ పైన ఉండలేదు. మధ్యాహ్నానికి గౌడు రెండు లొట్ల కల్లు దించుకొచ్చాడు. చింతపులుసు పోసి చేపల కూర అక్కడే వండారు. కట్ట మీద మూడు రాళ్ల పొయ్యి, పక్కింటి కాగు, ఎవరో తెచ్చిన జొన్నరొట్టెలు.

మిగిలిన చేపలు పంచాలి. మాంసం పోగులు వేసినట్టే వేశాం. ఒకాయన వెనక్కి తిరిగి నిలబడతాడు. ఇంకొకాయన ఒక పోగు మీద పుల్ల పెట్టి "ఇదెవరిది?" అంటాడు. తిరిగి నిలబడ్డాయన ఒక పేరు చెబుతాడు. ఆ పోగు వారిదే, ఎదురు మాట లేదు. పంచడం అయ్యాక పెద్దబాపు లేచి నేల మీద కట్టెతో ఒక గీత గీశాడు. దాన్ని నాలుగు ముక్కలు చేసి, "ఇది మన మైనరు. చివరి ముక్క ముందు. ముక్కల లోపల ఎవరు ముందో గిట్లనే అడుగుదాం," అన్నాడు. కడుపులో కూర, కల్లు ఉన్నాయి. ఒంటిమీద బురద ఎండి అందరూ ఒకే రంగులో ఉన్నారు. అడిగినవాడు అడిగాడు, చెప్పినవాడు చెప్పాడు. ఆ వానకాలం నీళ్ల వంతులు అట్లా తేలాయి.

అక్కడి నుంచి ఏటా అదే తంతు. ఇదంతా సాఫీగా సాగిందనుకోవద్దు. రెండో ఏడో మూడో ఏడో, పైముక్కలో ఒకాయన రాత్రిపూట తూము తీసి తన రెండెకరాలు తడుపుకున్నాడు. తెల్లారి అందరూ తిడతారని ఆయనా, తిట్టాలని మేమూ సిద్ధంగా ఉన్నాం. పెద్దబాపు ఆయనను నీరటిగా పెట్టమన్నాడు. "దొంగతోవలన్నీ ఆయనకే ఎరుక," అన్నాడు. ఎకరానికి ఇన్ని మానికల వడ్లని మాట్లాడి ఆ ఏడు ఆయనకే అప్పజెప్పాం. ఆయన చేతిలో ఉన్నన్నాళ్లూ గోనెసంచి కుక్కిన తూము ఒక్కటి కూడా కనిపించలేదు. క్యాంపు రైతులు కూడా మెల్లగా వచ్చారు. మా కూరలో కారం చాలదని, పచ్చడి జాడీలు తెచ్చుకునేవారు. వాళ్ల యాస, మా యాస, మధ్యలో కల్లు. ఆ ఒక్క దినం ఎవరు ఎక్కడి నుంచి వచ్చారనే మాట ఉండేది కాదు. మిగతా రోజుల్లో ఉండేది, అది వేరే సంగతి.

దీనికి పేరు లేదు, రసీదు పుస్తకం లేదు, అధ్యక్షుడు లేడు. రిజిస్టర్ చేయిద్దామని నేను ఒకసారి అన్నాను, పంతులు బుద్ధి. "పేరు పెడితే బోర్డు రాయాలె. బోర్డు రాస్తే దాని మీద ఎవరి పేరు ముందనే లొల్లి," అన్నాడు. ఆయన కోరిక ఇంకొకటి. తాను లేకపోయినా ఈ రోజు నడవాలి. అందుకోసం ఏటేటా తన పని ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చాడు. మొదట గీత గీయడం వేరేవాళ్లకు వదిలాడు. తర్వాత రోజు నిర్ణయించడం. ఆ తర్వాత పోగుల దగ్గర పేర్లు చెప్పడం. మేమెవరం గమనించలేదు. 1990లలో ఒక ఏడు, సరిగ్గా ఆ దినం నాడే, సూర్యాపేటలో బిడ్డ ఇంటికి పోతున్నానని బస్సెక్కాడు. పెద్దాయన లేకుండా ఎట్లా అని మేం గాభరా పడ్డాం. పొద్దున్నే పోయి చూస్తే మాకన్నా ముందే జనం కాల్వలో ఉన్నారు. రెండు రోజులకు తిరిగొచ్చి, "నన్ను ఎవరన్న అడిగిన్రా?" అన్నాడు. లేదు బాపూ, చేపల గోలలో ఎవరికీ యాదికి రాలేదన్నాను. అంత సంతోషం ఆయన ముఖంలో అంతకు ముందెన్నడూ చూడలేదు.

1997లో చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం. చంద్రబాబు నాయుడు గారు ముఖ్యమంత్రి. ఆ జూన్‌లో రాష్ట్రమంతా నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టారు. మొత్తం పదివేలకు పైనే, 10,292 సంఘాలు. దేశంలో మరెక్కడా అంత పెద్ద ఎత్తున అట్లా చేయలేదు. ఆయకట్టును విభాగాలు చేసి ఒక్కో దానికి ఒక సభ్యుడు, అందరి మీద ఒక అధ్యక్షుడు. భూమి ఉన్నవాళ్లకు ఓటు. అంతకు ముందే నీటితీరువా పెంచారు. ఆ డబ్బులో వాటా సంఘాలకు వస్తుందన్నారు.

చట్టం చెడ్డదని నేననను. మా చివరి భూముల్లో కొన్ని ఎకరాలు ఆయకట్టు జాబితాలోనే లేవని ఆ లిస్టు గోడకు అంటించినప్పుడే బయటపడింది. వాటిని రాయించుకున్నాం. భర్త పోయి పట్టా తన పేరు మీద ఉన్న ఆడవాళ్లు మొదటిసారి నీళ్ల మాటకు ఓటు వేశారు. ఇంజనీర్లు కట్ట మీదికి వచ్చి రైతు పక్కన కూర్చుని వారబందీ, అంటే నీళ్ల వంతుల పట్టిక, రాయడం కూడా నేను కళ్లారా చూశాను. అధ్యక్షుడిగా నిలబడమని పెద్దబాపును అడిగారు. నవ్వి తప్పించుకున్నాడు.

ఆ రోజుల్లోనే హైదరాబాద్ నుంచి ఒక పరిశోధక విద్యార్థి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. అతని సంచిలో రాబర్ట్ వేడ్ అనే పండితుడి పుస్తకం ఉంది, 1988లో వేశారు. కర్నూలు జిల్లాలో కాల్వ కింద ఊళ్లు తిరిగి రాసింది. ఆ ఊళ్లలో సర్కారుకు తెలియకుండానే ఊరి పెద్దలు కూడి నీరుగంట్లను, అంటే మా నీరటి లాంటివాళ్లను, పెట్టుకుంటారట. పంట కాపలాకు మనుషులు, వీటన్నిటి ఖర్చుకు ఊరుమ్మడి నిధి. కాల్వకు ఎంత దిగువన ఉంటే అంత గట్టి కట్టడి, ఎగువ ఊళ్లలో అది కనిపించదు. కిందున్నవాడికే కరువు, కరువున్న చోటే పొత్తు. రాత్రి బుడ్డి దీపం ముందు ఆ పిల్లవాడు చదివి చెబుతుంటే పెద్దబాపు చెవి రిక్కించి విన్నాడు. స్పెయిన్‌లో వలెన్సియా పట్నంలో ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి గుమ్మం ముందు కాల్వల రైతులు ఎన్నుకున్న పెద్దలు కూర్చుని నీళ్ల తగాదాలు నోటిమాటగా తీరుస్తారని, ఇది వందల ఏళ్లుగా నడుస్తోందని కూడా అతనే చెప్పాడు. బాలి దీవిలో ఒక కాల్వ కింది రైతులందరూ కలిసి గుడి పండుగతోనే నీళ్ల వంతులు మొదలుపెడతారట.

అంతా విన్న పెద్దబాపు ఒక్కటే ప్రశ్న వేశాడు. "కర్నూలోళ్లకు ఊరుమ్మడి పైసలు ఎక్కడివి?"

మేత బీళ్లు, సారా అమ్మే హక్కు వేలం పాడతారని పిల్లవాడు చెప్పాడు.

"ఆళ్లు అమ్ముకుంటున్నరు. మనం తాగి పోగొట్టుకుంటున్నం," అని పెద్దబాపు గట్టిగా నవ్వాడు.

చాలా ఏళ్లకు, 2009లో, ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చిందని పేపర్లో చదివాను. ఆ శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మొదటి ఆడమనిషి. ఉమ్మడి సొత్తును జనం వాళ్లంతట వాళ్లే కాపాడుకోగలరని ఆమె చెప్పింది. అన్ని లెక్కలూ సర్కారు చెయ్యాలి, లేదంటే అంగడికి వదలాలి అనే వాదనకు ఆమె ఎదురు నిలబడింది. అప్పటికి పెద్దబాపు లేడు. ఉంటే ఆమెకు పిల్లలెంతమందని అడిగి ఉండేవాడు.

నీటి సంఘం వచ్చిన ఒకటి రెండేళ్లకు పనులు, బిల్లులు వచ్చాయి. పని పేరు పూడిక తీత. మేం చాపల దినం నిర్ణయించుకోకముందే ఒకరోజు పొద్దున ప్రొక్లెయినర్ వచ్చి మైనరు గీకి వెళ్లిపోయింది. గుంటల్లో చేపలు బురదతో సహా కట్ట అవతల పడ్డాయి. కుక్కలు, కొంగలు తిన్నాయి. కాల్వ సాఫే అయింది, అబద్ధమెందుకు. కానీ కట్ట లోపలి వాలును నిలువుగా చెక్కేసి పోయారు. మొదటి వానకే రెండు చోట్ల జారింది. ఇంతకు ముందైతే జారిన చోటు ఎవరి కంట పడితే వారే నాలుగు పారలు వేసేవారు. ఇప్పుడు "బిల్లు ఎత్తినోడు వేస్తడు" అన్నారు. నాకు చిన్నతనంలో అన్నం తినిపించిన చేతులే ఆ మాట అంటుంటే వినాల్సి వచ్చింది. ఊరికే చేసిన పని ఎవరూ లెక్క కట్టరు. దానికి ధర పడిన రోజు నుంచి ప్రతివాడూ లెక్కలే అడుగుతాడు.

మా దగ్గర మాత్రం పూర్తిగా చావలేదు. అందుకు సగం కారణం చేపలే. మిషన్ వచ్చిన మరుసటేడు పిల్లలు వచ్చి పెద్దబాపును అడిగారు, ఈసారి చాపల దినం ఉండదా తాతా అని. అధ్యక్షుడిగా ఉన్న పిల్లవాడు మావాడే, పైముక్క రైతు కొడుకు. తాత అతన్ని పిలిచి తిట్టలేదు. "మిషన్ మేజరు మీద పెట్టుకో. మైనరు మాకు ఇడిచిపెట్టు. బిల్లు నువ్వు ఎక్కడన్న రాసుకో," అన్నాడు. ఆ పిల్లవాడు తల దించుకున్నాడు. ఆ ఏడు దినం జరిగింది. వచ్చింది మునుపటిలో సగం మందే.

తర్వాత కరువు. 2002, 2003 వరసగా సాగర్‌కు నీళ్లు రాలేదు. ఎడమ కాల్వ ఆటస్థలంలా అయింది, పిల్లలు దాంట్లో క్రికెట్ ఆడారు. నీళ్లే రాని కాల్వను తవ్వడమెందుకని వాదన. తవ్వలేదు. కానీ ఆ దినాన అందరూ కట్ట మీద కూడారు. చేపలు లేవు, పప్పుచారు వండారు. బోర్లున్నవాళ్లు తలా కొంత చెక్కలో పచ్చిజొన్న వేసి పక్కవాళ్ల పశువులకు ఇవ్వాలని అక్కడే మాట అనుకున్నారు. కొందరు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. ఇవ్వనివాళ్ల పేర్లు ఎవరూ ఎత్తలేదు, మరుసటేడు వాళ్లే ముందు వచ్చారు. నీళ్లు మళ్లీ వచ్చిన కొన్నేళ్లకు పెద్దబాపు పోయాడు. ఆయన పోయిన ఏడు దినం ఆపాలని ఒకరిద్దరన్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

2010 తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో సాగర్ కాల్వల ఆధునికీకరణ పట్టారు, 4,444 కోట్ల పని. సిమెంటు లైనింగు, కొత్త షట్టర్లు. లైనింగు పడ్డచోట గుంటలు లేవు, గుంటలు లేనిచోట చేపలు లేవు. తెలంగాణ వచ్చాక నీటి సంఘాలకు ఎన్నికలు జరగలేదు. సంఘం మెల్లగా కాగితాల్లోంచి పోయింది. చట్టం రాకముందు మేం ఎక్కడున్నామో అక్కడికే వచ్చాం. దినం మాత్రం చేతుల్లోంచి జారలేదు. ఇప్పుడు చేపలు మిర్యాలగూడ మార్కెట్ నుంచి వస్తాయి. మృగశిర నాడు వాటి రేటు చూస్తే గుండె ఆగుతుంది. అయినా తలా కొంత వేసుకొని కొంటారు. మిషనే తవ్వుతుంది, మూలలు, తూముల నోళ్లు మాత్రం పారలతోనే. వంతుల సంగతి మొదటిరోజే ఫోన్లలో వాట్సాప్‌కు ఎక్కుతుంది. "నాలుగో ముక్క అయింది, మూడో ముక్క రెడీ" అని. పోగుల తీరు మాత్రం మారలేదు, ఒకరు వెనక్కి తిరిగి నిలబడాల్సిందే.

మొన్న ఎండాకాలం కూడితే పెద్ద లొల్లి అయింది. భూముల్లో సగం ఇప్పుడు కౌలు కిందే నడుస్తున్నాయి. పట్టాదారులు హైదరాబాద్‌లో ఉంటారు. 2018లో రైతుబంధు మొదలై ఎకరానికి పంటకు నాలుగు వేలని ఇచ్చినప్పుడు ఆ పైసలు పట్టాదారుకే పోయాయి. మరి పోగులో ఎవరి పేరు పిలవాలి? ఊరికి వచ్చిన ఒక పట్టాదారు, నా క్లాసులో చదివినవాడే, "పేరు నాది సార్, పాస్‌బుక్కు నాది," అన్నాడు. అతని కౌలుదారు ఇంకో ఊరి నుంచి వలస వచ్చిన కుర్రవాడు. ఏమీ మాట్లాడక తూము నోట్లో చెయ్యి పెట్టి మన్ను తీస్తున్నాడు. అటూ ఇటూ చాలాసేపు నడిచింది. నన్ను కూడా అడిగారు. నేను ఏదో చెప్పబోతుంటే మా వదినె, ఒకప్పుడు కొర్రమట్ట ఎత్తి చూపించిన ఆమే, ఇప్పుడు నడుము వంగి కుర్చీలో కూర్చున్నది, అడ్డుపడింది.

"పార ఎవరి చేతిలో ఉంటె వాళ్ల పేరు పిలువుండ్రి. పట్నం సారుకు చాప ముక్కలు రెండు ఎక్కువెయ్యుండ్రి."

పట్టాదారు కూడా నవ్వక తప్పలేదు. పోగు మీద పుల్ల పెట్టారు. వెనక్కి తిరిగి నిలబడ్డ పిల్లకు కౌలు కుర్రవాడి పేరు తెలియదు. అడిగి తెలుసుకొని చెప్పింది. చివరి ముక్కలో అతనిది రెండో వంతు వచ్చింది.